కుందేలుకు ఆపరేషన్ అయ్యాక: గాయం కంటే ముందు చూడవలసింది పేగును

తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి పశువైద్య విజ్ఞానం కొత్తది కాదు. 1955లో ఆరంభమైన పశువైద్య కళాశాల, 2005లో తిరుపతి కేంద్రంగా ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, పుంగనూరు పొట్టి ఆవుల జాతిని కాపాడుకొస్తున్న పలమనేరు పశు పరిశోధన స్థానం ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. ఆవు ఈనితే ఏమి పెట్టాలో, మేకకు కడుపుబ్బితే ఏమి చేయాలో చెప్పగల పెద్దలు ఇక్కడి పల్లెల్లో నేటికీ ఉన్నారు. అయితే పట్టణాల్లోని ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో పెరుగుతున్న పెంపుడు కుందేలు విషయంలో ఈ అనుభవం చాలావరకు అక్కరకు రాదు. ఆవుకు పనికివచ్చిన జాగ్రత్త కుందేలుకు చాలకపోవచ్చు, కుక్కకు మేలుచేసిన మందు కుందేలుకు ప్రాణాంతకం కావచ్చు. ఈ తేడా అన్నిటికంటే స్పష్టంగా బయటపడే సందర్భం ఆడ కుందేలుకు పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స, దాని తర్వాత ఇంట్లో గడిచే పది పన్నెండు రోజులు.

ఈ శస్త్రచికిత్సను పశువైద్యులు స్పేయింగ్ అంటారు. పొట్ట మధ్యభాగంలో చిన్న కోత పెట్టి, అండాశయాలను, గర్భాశయాన్ని పూర్తిగా తొలగించి, లోపలి పొరలను, చర్మాన్ని విడివిడిగా కుట్టివేయడం ఇందులోని పని. ఆడ కుందేలుకు గర్భాశయం రెండు వేర్వేరు గొట్టాలుగా, రెండు వేర్వేరు ముఖద్వారాలతో ఉంటుంది; దాన్ని పట్టి ఉంచే పొరల్లో కొవ్వు బాగా పేరుకుంటుంది. అందువల్ల కుక్కలకు, పిల్లులకు ఈ ఆపరేషన్ చేసి చేయి తిరిగిన వైద్యుడికైనా కుందేళ్ల మీద విడిగా అనుభవం ఉండటం అవసరం, ఆ అనుభవం ఉందో లేదో ముందుగా అడిగి తెలుసుకోవడం పెంపకందారుల బాధ్యత.

ఎందుకు చేయించాలి

ఆడ కుందేలు నాలుగు నుంచి ఆరు నెలల వయసులోనే ఎదకు వస్తుంది. దానికి ఆవుకు వచ్చినట్లు నిర్ణీత కాలానికి ఎద రాదు. మగదానితో కలిసిన పది నుంచి పదమూడు గంటల్లో అండాలు విడుదలై, 30 నుంచి 32 రోజుల్లో పిల్లలు పుడతాయి, ఈనిన వెంటనే మళ్లీ కట్టే అవకాశం కూడా ఉంటుంది. పిల్లల సంఖ్యను అదుపులో పెట్టడం ఈ ఆపరేషన్‌కు ఒక కారణం మాత్రమే. అంతకంటే బలమైన కారణం గర్భాశయ క్యాన్సర్. కొన్ని జాతుల్లో నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లలో సగానికి పైగా ఈ వ్యాధి బారిన పడుతున్నట్లు పరిశోధనలు చూపాయి. మంచి సంరక్షణలో ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతకగల జీవికి నాలుగైదేళ్లకే ఇటువంటి ముప్పు ఉందంటే, చిన్న వయసులో, ఆరోగ్యంగా ఉన్నప్పుడే గర్భాశయాన్ని తొలగించాలన్న వైద్యుల సలహాలోని న్యాయం అర్థమవుతుంది.

అయినా ఈ ఆపరేషన్‌ను తేలికగా తీసుకోవడానికి వీలు లేదు. బ్రిటన్‌లో పెంపుడు జంతువులకు ఇచ్చే మత్తుమందుపై జరిగి, 2008లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం ప్రకారం మత్తుకు సంబంధించిన మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం కాగా, కుందేళ్లలో 1.39 శాతం. అంటే కుక్కతో పోలిస్తే కుందేలుకు ప్రమాదం ఎనిమిది రెట్లు ఎక్కువ. అంతకంటే గమనించవలసిన విషయం, కుందేళ్ల మరణాల్లో సగానికి మించినవి ఆపరేషన్ బల్ల మీద కాక, ఆపరేషన్ ముగిసిన తర్వాత సంభవించడం. కత్తి పట్టిన వైద్యుడి నైపుణ్యం ఎంత ముఖ్యమో, ఆ తర్వాత దాన్ని కనిపెట్టుకుని ఉండేవారి శ్రద్ధ కూడా అంతే ముఖ్యమని ఈ లెక్క తేల్చి చెబుతోంది.

ఆకలితో ఉంచరాదు

మనుషులకైనా, కుక్కలకైనా ఆపరేషన్‌కు ముందు రాత్రి నుంచి ఆహారం ఆపివేయడం అందరికీ తెలిసిన పద్ధతి. మత్తులో వాంతి అయి, ఆ పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉండాలన్నది దీని ఉద్దేశం. కుందేలు జీర్ణకోశం వాంతికి వీలులేని విధంగా ఏర్పడింది. కాబట్టి దాన్ని రాత్రంతా పస్తు ఉంచవలసిన అవసరం లేదు, ఉంచితే కీడే జరుగుతుంది. నోట్లో మేత మిగలకుండా ఉండటానికి వైద్యుడు చెప్పిన కొద్దిసేపు మాత్రమే మేత ఆపి, ఆస్పత్రికి వెళ్లేటప్పుడు దానికి అలవాటైన గడ్డిని, ఆకుకూరను వెంట తీసుకుపోవడం మంచిది. మత్తు దిగగానే ముందు దొరకవలసింది అదే.

ఈ జాగ్రత్తకు మూలం కుందేలు పేగు నిర్మాణంలో ఉంది. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట ఉండే అంధనాళం అనే భాగం కుందేలు పొట్టలోని అవయవాలన్నిటిలోనూ పెద్దది. అందులో నివసించే కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెట్టి పోషకాలుగా మారుస్తాయి. ఆ పోషకాలున్న మెత్తని ముద్దలను కుందేలు తన మలద్వారం నుంచే నేరుగా నోటితో అందుకుని మింగుతుంది. చూసేవారికి ఇది రోతగా తోచినా, దాని ఆరోగ్యానికి ఇది తప్పనిసరి. పీచు నిరంతరం కదులుతూ ఉంటేనే ఈ యంత్రాంగం నడుస్తుంది. నొప్పి, భయం, మత్తుమందు, నీటి కొరత, పస్తు, వీటిలో ఏ ఒక్కటి తోడైనా పేగు కదలిక మందగిస్తుంది, లోపలి పదార్థం గట్టిపడుతుంది, హానికర సూక్ష్మజీవులు పెరిగి గాలి నిండుతుంది, ఆ నొప్పికి కుందేలు తినడం పూర్తిగా మానేస్తుంది, తినకపోవడంతో పేగు మరింత స్తంభిస్తుంది. పేగు స్తంభన అని చెప్పదగిన ఈ స్థితి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలదు. స్పేయింగ్ చేయించుకున్న కుందేలుకు కుట్ల వల్ల కలిగే ప్రమాదం కంటే ఈ ప్రమాదమే ముందు నిలుస్తుంది.

మొదటి ఇరవై నాలుగు గంటలు

ఆపరేషన్ తర్వాత పూర్తిగా మెలకువ వచ్చి, తల నిలిపి, తనంత తాను కూర్చోగలిగాకే కుందేలును ఇంటికి తీసుకురావాలి. మత్తు ప్రభావంతో దాని శరీరం వేడిని నిలుపుకోలేదు, సాధారణంగా 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే శరీర ఉష్ణోగ్రత ఆపరేషన్ తర్వాత పడిపోవచ్చు. చెవులు చల్లగా తగిలితే గోరువెచ్చని నీటి సీసాను మందపాటి గుడ్డలో చుట్టి పక్కన ఉంచాలి. అయితే వేడెక్కినప్పుడు దూరం జరగడానికి బోనులో చోటు మిగల్చాలి.

పడక మీద రంపపు పొట్టు, ఇసుక వాడితే అవి కుట్లకు అంటుకుంటాయి. ఉతికిన పాత నూలు దుప్పటి లేదా పాత చీర పరిస్తే సరిపోతుంది. గ్రానైట్, టైల్స్ నేల మీద వెనుక కాళ్లు జారితే పొట్ట కండరాలపై ఒత్తిడి పడుతుంది గనుక గోనెపట్టా అయినా పరచాలి. అలవాటైన గిన్నెలో నీరు అందుబాటులో ఉంచాలి. వంగలేని స్థితిలో ఉన్న కుందేలు సీసా గొట్టాన్ని నాకడం కంటే గిన్నెలోంచి తాగడానికే ఇష్టపడుతుంది.

ఇంటికి వచ్చిన కొద్ది గంటల్లో ఒక్క గరిక పోచనైనా నమిలితే అది శుభసూచన. మొదటి రోజు తక్కువగా తినడం, పెంటికలు తక్కువగా, చిన్నవిగా రావడం సహజమే. అయితే పన్నెండు గంటలు గడిచినా ఏమీ తినకపోయినా, ఇరవై నాలుగు గంటల్లో ఒక్క పెంటికా వేయకపోయినా దాన్ని అత్యవసరంగా భావించి వైద్యుణ్ణి సంప్రదించాలి. రేపు చూద్దామని ఆగడం కుందేలు విషయంలో చాలా ఖరీదైన తప్పు.

తినని కుందేలుకు సిరంజితో మేత పట్టవలసి రావచ్చు. కుందేళ్ల దాణా గుళికలను గోరువెచ్చని నీటిలో నానబెట్టి, మెత్తగా మెదిపి, సూది తీసిన సిరంజిలోకి ఎక్కించి, ముందుపళ్లకు, దవడపళ్లకు మధ్య ఉండే ఖాళీలోంచి పక్కగా కొద్ది కొద్దిగా అందిస్తూ, ప్రతిసారీ అది నమిలి మింగేదాకా ఆగాలి. కిలో బరువున్న కుందేలుకు రోజు మొత్తానికి సుమారు 50 మిల్లీలీటర్ల ముద్దను నాలుగైదు విడతలుగా ఇవ్వడం సాధారణ పద్ధతి, అసలు పరిమాణాన్ని వైద్యుడే నిర్ణయించాలి. కుందేలును వెల్లకిలా పడుకోబెట్టి పట్టరాదు. పొట్ట ఉబ్బి బిగుసుకుపోయి ఉంటే మేత పట్టడం ఆపి వెంటనే ఆస్పత్రికి చేర్చాలి; అడ్డంకి ఉన్న పేగులోకి మరింత మేత నెట్టడం అపాయం.

నొప్పిని దాచే జీవి

నక్క, గద్ద వంటి వేటజీవులకు ఆహారమయ్యే ప్రాణి కావడం వల్ల కుందేలు బలహీనతను బయటపెట్టదు. అది అరవదు, కుంటుతూ తిరగదు, మనిషి చేరువకు రాగానే కదలకుండా కూర్చుంటుంది. ఆ నిశ్చలత్వాన్ని చూసి బాగానే ఉందనుకోవడం పొరపాటు. దాని ముఖాన్ని చదివి నొప్పిని అంచనా వేయడానికి 2012లో పరిశోధకులు ఒక కొలమానాన్ని ప్రకటించారు. కళ్లు సగం మూసుకోవడం, బుగ్గలు లోపలికి అణగడం, ముక్కుపుటాల ఆకారం మారడం, మీసాలు బిగుసుకోవడం, చెవులు ముడుచుకుని వెనక్కి వాలడం అందులోని ఐదు లక్షణాలు. వీటికి తోడు వీపు గూనిగా వంచి మూలన కూర్చోవడం, పొట్టను నేలకు అదిమిపెట్టడం, పళ్లు గట్టిగా కొరకడం కూడా నొప్పికి గుర్తులు. హాయిగా ఉన్న కుందేలు కూడా పళ్లను మెల్లగా ఆడిస్తుంది. కానీ కళ్లు మూసి, బిగుసుకుని, పైకి వినబడేలా కొరికితే అది బాధే.

నొప్పి తగ్గితేనే కుందేలు తింటుంది, తింటేనే పేగు కదులుతుంది. కాబట్టి వైద్యుడు రాసిన నొప్పి మందును, ఎక్కువగా మెలాక్సికామ్ అనే ద్రవాన్ని, కుందేలు బాగానే కనిపిస్తోందని మధ్యలో మానకుండా చెప్పిన రోజులన్నీ చెప్పిన మోతాదులో ఇవ్వాలి. మందు పట్టేటప్పుడు తువాలులో చుట్టి, వెనుక భాగానికి ఆధారమిచ్చి పట్టుకోవాలి. ఎముకలు తేలికైనవి, వెనుక కాళ్ల కండరాలు బలమైనవి కావడంతో గాలిలో ఒక్కసారి గట్టిగా తన్నినా వెన్నెముక విరిగే అవకాశం ఉంది.

ఇంట్లోని మందుల పెట్టె

ఈ దశలో జరిగే హాని చాలావరకు మంచి ఉద్దేశంతో ఇచ్చిన తప్పుడు మందుల వల్లనే జరుగుతుంది. పిల్లల జ్వరానికి తెచ్చిన అమాక్సిసిల్లిన్ సిరప్ చాలా ఇళ్లలో ఉంటుంది. పుండుకు పనికివస్తుందని దాన్ని కుందేలు నోట్లో పోస్తే, అంధనాళంలోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించి, క్లోస్ట్రిడియం జాతి బ్యాక్టీరియా పెరిగి, అవి విడుదల చేసే విషంతో కుందేలు చనిపోవచ్చు. ఆంపిసిల్లిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటివి నోటి ద్వారా ఇవ్వడం కూడా ఇలాగే ప్రమాదకరం. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ స్ప్రే కుందేలుకు విషం. ఏ మందైనా, అది ఎంత తెలిసినదైనా, కుందేలును చూసే వైద్యుణ్ణి అడగకుండా వాడరాదు.

కుట్ల మీద పసుపు, కొబ్బరినూనె, వేపనూనె రాయడం కూడా ఇదే కోవకు వస్తుంది. కుందేలు తన ఒంటిని నిరంతరం నాకుతుంది గనుక రాసినదంతా కడుపులోకి పోతుంది, జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది, రుచి తగిలితే కుట్లను మరింత నాకుతుంది. గాయాన్ని పొడిగా వదిలి, తాకకుండా రోజుకు రెండుసార్లు చూడటం ఉత్తమమైన వైద్యం. అంచులు కొద్దిగా ఎర్రబడటం, మొదటి రెండు రోజులు స్వల్పంగా వాయడం మామూలే. రక్తం కారడం, దుర్వాసన, అంచులు విడిపోవడం, కుట్ల కింద మెత్తని ఉబ్బు కనిపించడం మాత్రం ఆలస్యం చేయకూడని లక్షణాలు. అటువంటి ఉబ్బు లోపలి కుట్లు తెగి పేగు బయటికి తోసుకువస్తున్నదనడానికి సూచన కావచ్చు. కుందేలు చీము నీళ్లలా కారదు, గట్టి ముద్దగా పేరుకుంటుంది; అందువల్ల గాయం దగ్గర గట్టి గడ్డ తగిలినా వైద్యుడికి చూపాలి.

కుక్కల మెడకు వేసే ప్లాస్టిక్ గరాటును కుందేలుకు వేస్తే అది తన మెత్తని ముద్దలను అందుకోలేదు, భయంతో మేత మానుతుంది. అందువల్ల నిపుణులు చర్మం లోపలే కరిగిపోయే కుట్లను ఎంచుకుంటారు. పైకి కనిపించే కుట్లు ఉంటే వాటిని 10 నుంచి 14 రోజుల మధ్య తీయిస్తారు. అంతవరకు స్నానం చేయించరాదు, ఎత్తుల మీదికి ఎగరనివ్వరాదు. నేల మీద మెల్లగా తిరగనివ్వడం మాత్రం అవసరం, ఆ కదలికే పేగుకూ ఊతం. మూత్రం నారింజ, ఎరుపు రంగుల్లో వస్తే అది రక్తమేనని బెంబేలు పడనక్కరలేదు. మేతలోని వర్ణకాల వల్ల కుందేలు మూత్రానికి ఆ రంగులు వస్తాయి. సందేహం ఉంటే వైద్యుడు పరీక్షతో తేల్చగలడు.

తిరుపతి ఎండ, చిత్తూరు మేత

పెంపుడు కుందేలు శేషాచల అడవుల్లో తిరిగే చెవులపిల్లి సంతతి కాదు. నల్లమెడ గల ఆ అడవి జీవి పొదల నీడల్లో బతికే మరో జాతి. ఇళ్లలో పెరిగేది ఐబీరియా ద్వీపకల్పంలో నేలలో బొరియలు తవ్వుకుని బతికిన జాతి నుంచి వచ్చింది. ఎండ వేళ చల్లని బొరియలో గడిపేందుకు అనువైన శరీరం దానిది. దానికి చెమట పట్టదు, కుక్కలా రొప్పి ఒంటి వేడిని వదిలించుకోలేదు, చెవుల్లోని రక్తనాళాలే దానికి దిక్కు. గాలి వేడి 30 డిగ్రీలు దాటితే కుందేలు ఇబ్బంది పడుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో, మత్తు దిగిన బలహీన స్థితిలో అది తట్టుకోవడం కష్టం.

అందువల్ల అత్యవసరం కాని ఆపరేషన్‌ను ఏప్రిల్ నుంచి జూన్ వరకు వాయిదా వేయడం వివేకం. అక్టోబరు, నవంబరు, డిసెంబరు తొలి రోజుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు ఈ ప్రాంతాన్ని పట్టుకుంటాయి. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వరద వంటిది వస్తే కుందేలును తిరిగి వైద్యుడి దగ్గరికి చేర్చడమే అసాధ్యమవుతుంది, తేమలో ముసిరే ఈగలు కుట్ల దగ్గర గుడ్లు పెడితే పురుగులు పడతాయి. వానలు వెనకబట్టి ఎండ ముదరని మార్గశిరం చివర నుంచి మాఘం వరకు ఉండే కాలమే ఇక్కడ అనువైనది. ఏ కాలంలోనైనా బోనుకు దోమతెర కట్టడం, కాళ్ల కింద నీటి పళ్లేలు పెట్టి చీమలు ఎక్కకుండా చూడటం మేలు. శ్రీకాళహస్తి, పుత్తూరు, పుంగనూరు వంటి ఊళ్ల నుంచి తిరుపతికి రావలసినవారు తెల్లవారుజామున బయలుదేరి, ఎండ చల్లబడ్డాకే తిరుగు ప్రయాణం పెట్టుకోవడం మంచిది.

మేత విషయంలో ఈ ప్రాంతం కుందేలుకు ఎంతో ఇవ్వగలదు. గరిక, గినీ గడ్డి, గడ్డి చామంతి, కొద్దిగా కొత్తిమీర, ముల్లంగి ఆకు కోలుకునే కుందేలుకు రుచించే మేతలు. లూసర్న్, అవిసె ఆకు, వేరుశనగ కట్టె వంటి కాయధాన్యపు మేతల్లో కాల్షియం ఎక్కువ గనుక ఆకలి పుట్టించడానికి కొద్దిగా వాడవచ్చు గాని వాటినే ప్రధాన మేతగా చేయరాదు. సుబాబుల్ ఆకులోని మైమోసిన్ అనే పదార్థం వెంట్రుకలు రాలేలా చేస్తుంది. గన్నేరు, వయ్యారిభామ దగ్గరికి రానీయకూడదు. పురుగుమందు కొట్టిన మామిడితోటల్లో, కలుపుమందు చల్లిన గట్ల మీద కోసిన గడ్డి ఎంత పచ్చగా ఉన్నా పనికిరాదు. నీరసంగా ఉందన్న జాలితో అన్నం, బిస్కెట్, మామిడిముక్క, లడ్డూ పెట్టడం పేగులో పిండి, చక్కెర పులిసి గాలి నిండటానికి దారితీస్తుంది.

తోడు, స్వభావం

కుందేలు గుంపులో బతికే జీవి. జతగా పెరిగినదాన్ని పూర్తిగా విడదీస్తే దిగులుతో మేత తగ్గవచ్చు. మధ్యలో జాలీ పెట్టి, ఒకదానికొకటి కనిపించేలా, వాసన అందేలా ఉంచితే కుట్లకూ భద్రత, మనసుకూ ఊరట. మగ కుందేలును మాత్రం గాయం మానేవరకు తప్పనిసరిగా వేరుగా ఉంచాలి. దానికి వృషణాలు తీయించి ఉన్నా, తీసిన తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల వరకు పిల్లలు కలిగించే శక్తి మిగిలి ఉండవచ్చు గనుక ఇంట్లో స్పేయింగ్ కాని ఇతర ఆడ కుందేళ్లు ఉంటే ఈ గడువును మరువరాదు. తన చోటును కాపాడుకోవడానికి కరవడం, మూత్రం చిమ్మడం వంటి అలవాట్లు హార్మోన్లు నెమ్మదించిన కొన్ని వారాలకు గాని తగ్గవు. కోలుకున్నాక శరీరానికి అవసరమయ్యే శక్తి కొంత తగ్గుతుంది కాబట్టి దాణా గుళికలు తగ్గించి గడ్డి పెంచాలి.

కనిపెట్టి ఉండేవారికి రాతలో ఒక కాగితం

ఇన్ని జాగ్రత్తలనూ రోజువారీ పనిగా మార్చుకుంటే అవి నాలుగు ప్రశ్నలకు వస్తాయి: ఈ పూట ఎంత తిన్నది, ఎన్ని పెంటికలు వేసింది, నొప్పి మందు వేళకు పడిందా, కుట్లు పొడిగా ఉన్నాయా. వీటిని ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఒక కాగితం మీద రాసుకుంటే క్షీణత మొదలైన పూటనే తెలుస్తుంది. ఫోనులో వైద్యుడికి చెప్పడానికీ అదే ఆధారం. రాత్రివేళ సంప్రదించడానికి వైద్యుడి నంబరు ఆపరేషన్‌కు ముందే అడిగి ఆ కాగితం పైన రాసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1962 నంబరుతో పనిచేసే సంచార పశువైద్య సేవ ప్రధానంగా పాడిపశువులు, గొర్రెలు, మేకల కోసం ఏర్పడింది గనుక కుందేలు సంరక్షణకు ముందస్తు ఏర్పాటు తప్పదు.

ఇంట్లో కనీసం మొదటి మూడు రోజులు దగ్గరుండి చూసే మనిషి లేనప్పుడు, పెళ్లిళ్లు, ప్రయాణాలు ఉన్నప్పుడు ఆపరేషన్ తేదీని మార్చుకోవడమే సరైన నిర్ణయం. అందాకా మగదాన్ని వేరు చేసి ఉంచితే సరిపోతుంది. అదే విధంగా, కుందేలును ఇంటికి పంపే ప్రతి ఆస్పత్రీ మందు పేరు, మోతాదు, ప్రమాద సూచనలు, మళ్లీ రావలసిన రోజు స్పష్టమైన తెలుగులో రాసి చేతికివ్వడం ఆపరేషన్‌లో భాగంగానే పరిగణించాలి. పశువైద్య విద్యకు ఇంతటి పేరున్న తిరుపతిలో ఆ చిన్న కాగితం ఆచారంగా మారితే, ఎన్నో కుందేళ్లు నాలుగో రోజున యథావిధిగా గరిక కొరుకుతాయి.